కూత ఆగిన చోట

మా ఊర్మిలకే వచ్చింది! ఈ ఏడాది ఉత్తమ క్రీడావార్త బహుమతి నా బిడ్డకే, మన కోరుట్ల పిల్లకే!

జగిత్యాల సభలో పెద్దలు అందరి ముందే వాదించుకున్నారు. క్రికెట్ వార్తకివ్వాలా, సిరిసిల్ల కబడ్డీ పోటీ మీద నా బిడ్డ రాసినదానికా? నేను చివరి వరుసలో కొండగట్టు అంజన్నకు మొక్కుతూ కూర్చున్నాను.

"గెలిచిందెవలో రాయనే లేదు. గిదేం ఆటల వార్త?" అని ఒక పెద్దమనిషి గట్టిగా ఎగిరాడు.

ఊర్మిల లేచింది. "సార్, కూతకు పోయినోడు కూత పెట్టుకుంటనే పడి పానం ఇడిసిండు. వాని కూత ఆగిన కాడ్నే నా వార్త ఆగింది. గెలుపు సంగతి ఎవలకు యాదికుంటది?"

బహుమతి ఊర్మిలకేనని ఎగిరిన పెద్దమనిషే ముందు చెయ్యెత్తాడు. నేను చప్పట్లు కొట్టాను, ఏడ్చాను, పక్కాయనను కావలించుకున్నాను.

"గా పిలగాడు నీకు ఎరుకేనా, కాకా?" అన్నాడాయన.

"నా కొడుకే, జీవన్. గా పిల్లకు అన్న."

వాడు పోయిన మూడోనాడు పిట్టకు మెతుకులు పెడితే కాకి ముట్టలేదు. ఏ కోరిక మిగిలిందోనని అందరం అన్ని మాటలూ ఇచ్చాం. ఆట ఎవరు గెలిచారో మాత్రం వాడికి ఎవరమూ చెప్పలేదు. ఇవాళ చెప్పడానికి నాకొక గెలుపు దొరికింది.

ఇంకా ఎందరికి చెప్పాలి! గొల్లపల్లి బావకు, వేములవాడ చెల్లెకు, దుబాయిలో ఉన్న అల్లుడికి, గోడ మీద మెతుకులు పెట్టి మా జీవన్‌కు.