ముసురులో గుమ్మడి వడియాలు

"మా షాపులో రెండు రోజులు తిరిగిందండీ, ఒక్కసారీ ఆగలేదు. మీ ఇంటికి తెచ్చేసరికి మళ్ళీ మొదలు!" అంటూ మెకానిక్ బాబ్జీ మూడోసారి సీపీయూ మూత విప్పాడు.

"సాయంత్రం అయిదులోపు కాలేజీ ఆప్షన్లు పెట్టాలండీ. ప్రతిసారీ సగంలో ఆగిపోతోంది." హేమకి ఏడుపొక్కటే తక్కువ.

హేమ నాయనమ్మ వీరాయమ్మ గుమ్మడి వడియాలు వేయించి పళ్ళెంలో తెచ్చింది. బాబ్జీ వరసపెట్టి కరకరలాడించాడు.

"పది రోజులుగా ముసురు కదండీ. మా ఇంట్లో వడియాలు బూజెక్కిపోయేయి. మీవెలా ఎండేయండీ మామ్మగారూ?"

"నీకిష్టమని పెట్టేను బాబూ. ఆ పెట్టె వెనక, నా మంచం వైపు వెచ్చగాలి కొడుతుందిగా! అక్కడ చేట ఆనించి, గాలి బయటికి పోకుండా దుప్పటి కప్పుతున్నాను. నువ్వొచ్చే వేళకి తీసేస్తున్నాన్లే, నీ పనికి అడ్డమని."

బాబ్జీ చేతిలో వడియం చేతిలోనే ఉండిపోయింది. హేమ పడీపడీ నవ్వింది.

"వేడెక్కి ఆగిపోతోంది మామ్మా!"

"అయ్యో, నా వల్లేనా! ఇంకెప్పుడూ పెట్టను." వీరాయమ్మ చిన్నబోయింది.

హేమ అప్పటికే స్విచ్చేసి ఆప్షన్ల పేజీ తెరిచింది. బాబ్జీ ఖాళీ పళ్ళెం వైపు చూశాడు.

"అంతమాట అనకండి మామ్మగారూ. చేట కాస్త ఎడంగా జరిపి, ఆ దుప్పటొక్కటీ మానెయ్యండి, చాలు. కంప్యూటరెలా ఉందో ఎల్లుండొచ్చి చూస్తానండీ."