తీగలు పడని ఫోటో

“మళ్లీ తీగలు పడ్డయి బిడ్డా.”

దేవసహాయం కెమెరాను కోడలి చేతిలో పెట్టి, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కెరోలిన్ తెర మీద చూసింది. పిట్ట చక్కగానే పడింది. ఎర్రటి ఒళ్లు, రెక్కల మీద తెల్ల చుక్కలు. దాని వెనక మాత్రం జాలీ తీగలు గళ్లుగళ్లుగా కనిపిస్తున్నాయి.

“మంచిగనే ఉంది మామయ్యా. తీగలు స్టూడియోల తీసేయిస్త.”

“తీసేసుడు గాదు. అసలే ఉండద్దు.”

కెరోలిన్ కెమెరాను మళ్లీ ఆయన చేతికిచ్చింది. మామగారిది ఉడుంపట్టని ఆ ఇంటికి వచ్చిన రెండేళ్లలో ఆమెకు బాగానే తెలిసింది. గోదావరిఖని నుంచి పొద్దున్నే ఆటో కట్టించుకుని ఈ వన్యప్రాణుల పార్కుకు వచ్చారు. అవతల నెమలి పురి విప్పి నిలబడితే జనమంతా దాని ముందు సెల్ఫీలకు ఎగబడుతున్నారు. దేవసహాయం దాని వంక కన్నెత్తి చూస్తే ఒట్టు. ఆయనకు కావలసింది పిడికిట్లో ఇమిడిపోయే ఈ మునియా పిట్ట ఒక్కటే.

రేపు ఇంట్లో కృతజ్ఞత కూడిక. గనిలో చావు తప్పించుకున్న రోజని దేవసహాయం ఏటా పెట్టుకుంటాడు. ఏటా లేచి నిలబడి, “చిన్న లేకుంటే నేను లేను” అని సాక్ష్యం చెబుతాడు. అంతటితో కూర్చుండిపోయి కళ్లు తుడుచుకుంటాడు. పాస్టరు గారు ప్రార్థన అందుకుంటారు. తర్వాత అందరూ బిర్యానీ మీద పడతారు. ఆ చిన్న ఎవరో అడిగి పెద్దాయనను ఏడిపించడం ఇష్టం లేక, కొడుకు డానీ కూడా ఎన్నడూ అడగలేదు. ఈసారి కూడికలో చిన్న పేరు మీద ఒక ఫోటో పెట్టాలని పెద్దాయన పట్టుబట్టాడు. రాత్రి స్టూడియో మూసేలోగా ఫోటో చేతికందకపోతే ఫ్రేము కట్టడం కుదరదు.

“నెట్ల ఇసొంటియి బొచ్చెడుంటయి మామయ్యా.”

“ఎవరో దింపింది నాకెందుకు? నా చేతితోని దింపాలె. ఆ మాత్రం రుణమన్న తీరనీ.”

పంజరం ముందున్న సిమెంటు గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. కెరోలిన్ మంచినీళ్ల సీసా మూత తీసి ఆయనకిచ్చింది. ఇన్నాళ్లూ అడగని మాట ఇవ్వాళ అడగాలనిపించింది.

“చిన్నకు గనిల ఏం డ్యూటీ మామయ్యా?”

“గాలి చూసే డ్యూటీ. నేను రెస్క్యూ టీముల ఉంటి గద. లోపట అగ్గి అంటుకున్నంక విషగాలి ఉంటది. దానికి వాసనుండదు, రంగుండదు. అందరికంటె ముందు చిన్న ఉండాలె, ఎనుక మేం.”

“అట్లనే పోయిండా?”

“మాట లేదు, పలుకు లేదు. ఒక్కసారే ఒరిగిండు. అది చూసి మేం ఎనుకకు మర్లినం. ఇంకో పది అడుగులేస్తే డానీ నన్ను ఫోటోల చూసెటోడు.”

కెరోలిన్ కళ్లు చెమర్చాయి. “ఆయనను బయటికి ఎవరు తెచ్చిండ్రు?”

“నేనే తెచ్చిన. బరువెంతని.”

“పాపం. ఆయన పేరు మీద డిపెండెంట్ ఉద్యోగం ఇంట్ల ఎవరికొచ్చింది?”

“ఎవ్వరికి రాలే బిడ్డా. మనోడనెటోడు ఎవడున్నడని?”

ఆమెకు విషయం అర్థమైంది. నా అన్నవాళ్లు లేని మనిషి. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. పాపం, ఈ పిట్టలంటే ప్రాణమై ఉంటుంది. అందుకే మనిషి గుర్తుగా ఆయన పెంచుకున్న పిట్ట ఫోటోనైనా పెట్టాలని మామగారి తాపత్రయం. ఇక తీగలు పడని ఫోటో తీయించకుండా ఇంటికి వెళ్లకూడదని ఆమె కూడా కొంగు బిగించింది.

గింజలు వేయడానికి వచ్చిన పార్కు ఉద్యోగి జమునను అడిగితే ఆమె నవ్వింది. “లోపట జాలీ పడకుంట ఎట్లొస్తది తాతా? చెరువు కట్ట కింద జమ్ముల చూడుండ్రి. గవే పిట్టలు బయటియి మస్తుగొస్తయి.”

పొద్దు వాలుతుండగా మామా కోడళ్లు జమ్ము పక్కన గొంతుక్కూర్చున్నారు. పిట్టలు వచ్చినట్టే వచ్చి తుర్రుమంటున్నాయి. దేవసహాయం కెమెరా ఎత్తాడు. అది కదలకుండా కెరోలిన్ ఆయన మోచేతుల కింద తన చేతులు పెట్టి గట్టిగా పట్టుకుంది. ఒక పిట్ట గడ్డి కంకి మీద వాలి ఊగింది. వెనక ఉత్త ఆకాశం.

ముసలాయన ఫోటోను ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత కోడలి తల మీద చెయ్యి వేశాడు. “నువ్వు సల్లగుండాలె బిడ్డా.”

మర్నాడు కూడికలో ఆ ఫోటోను బల్ల మీద పెట్టి, పక్కన కెరోలిన్ బంతిపూలు పేర్చింది. దేవసహాయం లేచి ఎప్పటిలాగే దేవునికి, చిన్నకు వందనాలు చెప్పాడు. ఈసారి కళ్లు తుడుచుకోకుండా అక్కడే నిలబడ్డాడు.

పాస్టరు గారు ఫోటో దగ్గరికి వచ్చి చూశారు. “పిట్ట ఫోటో మంచిగొచ్చిందన్నా. ఇగ ఆ చిన్న అనెటాయన ఫోటో కూడ ఒక్కటి దొరికితే బాగుండు. ఎట్లుండెనో ఆ మనిషి.”

దేవసహాయం ఫ్రేము మీద మెల్లగా చేత్తో నిమిరాడు.

“నేను గనిలకు పంజరంల పట్టుకపోయిన పిట్టే అయ్యగారూ, చిన్న.”