ఆపరేషన్ గదిలో జోలపాట

"హిప్నాటిజమా? రేపు గారడీవాణ్ణి కూడా పిలిపిస్తావా అక్కా?"

చేతులు కడుక్కుంటూ ఎగతాళిగా నవ్వాడు కంటి డాక్టరు. ఆసుపత్రి నడిపేది ఆయన అక్కే. తమ్ముడి వెటకారం చిన్నప్పటినుంచీ వింటున్నదే కాబట్టి ఆవిడ పట్టించుకోలేదు.

"మెలకువగా ఉండగా చేసే ఆపరేషన్ కదరా. పెద్దాయన బెదిరి కదిలితే? రెండో కన్ను ఎప్పుడో పోయింది. ఉన్నది ఇదొక్కటే. ఈ అమ్మాయి పక్కన నిలబడి మాట్లాడుతుంది, అంతే. నీకేం అడ్డు?"

ఆ అమ్మాయి మానసిక వైద్యురాలు. నమస్కారం పెట్టింది. డాక్టరు చూడనట్టే గ్లోవ్స్ తొడుక్కున్నాడు.

అసలాయన రోగులనే సరిగా చూడడు. వివరాలు జూనియర్లు చెప్పాలి, భయాలూ ఏడుపులూ నర్సులు వినాలి. "నా పని కంటితో, మనిషితో కాదు" అని గొప్పలు పోయేవాడు. ఆ గొప్పలకు ఈమధ్యే బీటలు పడ్డాయి. పోయిన నెల ఒక ఆపరేషన్ చెడిపోయింది. అప్పటినుంచి కత్తి పట్టుకుంటే చాలు, వేళ్ళు వణుకుతున్నాయి. ఏసీ చలి అన్నాడు, కాఫీ ఎక్కువైందన్నాడు, ఆపరేషన్లు వాయిదా వేశాడు. ఎవరూ కనిపెట్టలేదనే అనుకున్నాడు పాపం.

మత్తుచుక్కలు వేశారు. కత్తి అందుకోగానే చూపుడు వేలు అదిరింది.

"ఊపిరి నెమ్మదిగా వదలండి," అని మొదలుపెట్టింది అమ్మాయి. "భుజాలు తేలికవుతున్నాయి... ఆ తేలికదనం మోచేతుల్లోకి దిగుతోంది... వేళ్ళు నిలకడగా ఉన్నాయి. మీరు చెప్పినట్టే వింటున్నాయి..."

ఆపరేషనేమో కంటికి, జోలపాటేమో వేళ్ళకు! చదివిన చదువంతా ఏట్లో కలిపినట్టుంది ఈ పిల్ల. డాక్టరు మాస్కు చాటున నవ్వుకున్నాడు. నవ్వుకుంటూనే పనిలో పడ్డాడు. నర్సు పెద్దాయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన బొమ్మలా పడుకున్నాడు. అమ్మాయి గొణుగుడు మాత్రం ఆగలేదు.

అంతా అయ్యాకగానీ డాక్టరుకు తట్టలేదు, తన చెయ్యి మళ్ళీ వణకనే లేదని. ఏసీ తగ్గించి ఉంటారులే అనుకున్నాడు.

మర్నాడు కట్టు విప్పారు. పెద్దాయన కూతురి ముఖం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. డాక్టరు వైపు తిరిగి చేతులు జోడించాడు. అక్కా, ఆ అమ్మాయీ గుమ్మం దగ్గరే ఉన్నారు. అక్క ముందు ఆ అమ్మాయి పరువు తీయడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. డాక్టరు మొదటిసారిగా ఒక రోగిని పలకరించాడు.

"ఏం పెద్దాయనా, నిన్న ఆ గొణుగుడుకి నిద్ర పట్టిందా, చిరాకు పుట్టిందా?"

పెద్దాయన నవ్వుతూ చూస్తున్నాడు తప్ప బదులు లేదు.

"హిప్నాటిజం ఇంకా దిగినట్టు లేదే!" డాక్టరు పకపకా నవ్వాడు.

కూతురు తెల్లబోయింది. "నాన్నకు పుట్టుకతోనే వినపడదు కదండీ, మీ అక్కగారు మీకు చెప్పలేదా?"