పావు చుట్టు

"మళ్ళీ ఎడమవైపుకి లాగుతోందా అండీ?"

ఆమె తలూపింది. నోటితో చెప్పడం కంటే తలతో అబద్ధం చెప్పడం తేలికనిపించింది.

అతను ఎర్ర కారు ముందు గొంతుక్కూర్చుని, జ్వరం చూసినట్టు టైరు లోపలి అంచు మీద చెయ్యి వేశాడు. ఆ కారు చూడ్డానికి పొట్టిది, ఇంజిను మాత్రం పందెపు గుర్రం. అలాంటి బండికి చక్రం వెంట్రుకవాసి పక్కకి తిరిగినా చాలు, వెడల్పాటి టైరు ఒకవైపే అరిగి ఊరుకుంటుంది.

చక్రాల వంకర సరిచేసే ఈ షెడ్డుకి ఆమె రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి నిజంగానే గుంటలో పడి వచ్చింది. అప్పుడు అతను కారుని పైకి లేపి, కింద నిలబెట్టి మరీ చూపించాడు.

"ఇదిగో, ఈ కడ్డీ. ఈ నట్టు వదులు చేసి దీన్ని పావు చుట్టు తిప్పితే చాలు, చక్రం చూపే మారిపోతుంది."

చక్రానికి చూపుంటుందన్న మాట ఆమెకి నచ్చింది. చెప్పిన మనిషి అంతకంటే నచ్చాడు. పనయ్యాక ఇద్దరూ కారులో తిన్నటి రోడ్డు మీదికి వెళ్ళారు. అతను స్టీరింగ్ మీద నుంచి రెండు చేతులూ తీసేశాడు. కారు తనంతట తానే సూటిగా పోతూ ఉంది. చెట్లు, గోడలు, ఆకాశం చప్పుడు లేకుండా వెనక్కి జారిపోయాయి. ఆ నిమిషంలోంచి ఆమె ఇంకా బయటికి రాలేదు.

ఆమె వాచీలు బాగుచేస్తుంది. పనిముట్లంటే బెదురు లేదు. ఇంటికెళ్ళిన మర్నాడే స్టీరింగ్ చివరికంటా తిప్పి, చక్రం వెనక చెయ్యి దూర్చి, ఆ కడ్డీని సరిగ్గా పావు చుట్టు తిప్పి నట్టు బిగించింది. నెల తిరిగేసరికి టైరు లోపలి అంచు నున్నగా బోడితల అయింది. మళ్ళీ వచ్చింది. మూడోసారీ అంతే. "జబ్బు కారుకా, నీకా?" అని అక్క అడగనే అడిగింది.

ఈసారే టైరు ఎందుకో మొండికేసింది. తిప్పి నెలయినా అరగలేదు. అయినా వచ్చేసింది.

అద్దాల గదిలోంచి ఓనరు బయటికొచ్చాడు.

"మీరా అమ్మా! ఏమయ్యా సున్నా మాస్టారూ, ఒకే బండి నాలుగోసారా?"

మిషన్ తెర మీద చక్రాల వంకర చూపించే అంకెలన్నీ సున్నాకి వస్తేగాని ఏ బండినీ గేటు దాటనివ్వడు కాబట్టి షెడ్డులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. భోజనం వేళ దాటినా, కస్టమరు కసురుకున్నా అంతే.

"పోయిన నెల ఈ బండి వచ్చినప్పుడే చెప్పాను, గుర్తుందా?" అన్నాడు ఓనరు. "ఇవాళ సున్నా తప్పి ఒక్క ఎర్ర అంకె కనిపించిందో, రేపట్నుంచి నువ్వు పంక్చర్లు వేసుకో. ఈ మిషన్ మీద ఇంకొకణ్ణి పెడతా."

"గుర్తుందండీ," అన్నాడతను, తలెత్తకుండా.

తన సరదా అతని పని మీదికి వస్తుందని ఆమె కల్లో కూడా అనుకోలేదు.

"ఆయన తప్పేం లేదండీ. ఇవాళ చూడక్కర్లేదు, నేను వెళ్ళిపోతాను."

"అదెలా అమ్మా? షెడ్డు పరువు పోదూ? కానీవయ్యా!"

కారు మెల్లగా పైకి లేచింది. బయట సన్నటి జల్లు మొదలైంది. అతను ఒక్కో చక్రానికీ పళ్ళెంలాంటి అద్దం తగిలిస్తున్నాడు. వాటి మీద చిన్నచిన్న దీపాలు వెలిగి ఆరుతున్నాయి. ఆమెకి అంతా నీళ్ళ కింద జరుగుతున్నట్టు ఉంది. చెప్పేద్దామనుకుంది. ఓనరు ముందు నవ్వులపాలైనా సరే, అతని పని పోకూడదు. కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

"భేష్!" అన్నాడు ఓనరు.

కళ్ళు తెరిచింది. తెర నిండా పచ్చటి సున్నాలు.

"మీ అనుమానమే అమ్మా. బండి బంగారంలా ఉంది. ఇంకో ఏడాది దాకా మీరిటు రానక్కర్లేదు." ఓనరు ఈల వేసుకుంటూ అద్దాల గదిలోకి వెళ్ళిపోయాడు.

అతని పని నిలబడింది. ఆమెకి ఊపిరి వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇక ఏ వంకతో వస్తుంది? అసలు తను తిప్పిన కడ్డీకి సున్నా ఎలా వచ్చింది?

అతను మాత్రం సంతోషించలేదు. అద్దాలన్నీ విప్పి మళ్ళీ తగిలించాడు. మళ్ళీ సున్నాలే.

"ఇలా రాకూడదే," అని గొణుక్కున్నాడు. కారు కిందికి వెళ్ళి, నట్టు మీద టార్చి వేసి అక్కడే నిలబడిపోయాడు.

దొరికిపోయానని ఆమెకి అర్థమైంది. వెళ్ళి పక్కన నిలబడింది.

"వెతక్కండి. పోయినసారి ఇక్కణ్ణుంచి వెళ్ళిన మర్నాడు నేనే తిప్పాను. ఇటు, పావు చుట్టు." వేలు గాల్లో తిప్పి చూపించింది. "అంతకు ముందు రెండుసార్లూ నేనే. మిమ్మల్ని చూడాలంటే నాకు ఇంకో దారి తోచలేదు. మీకు మాట వస్తుందని తెలిస్తే ముట్టుకునేదాన్నే కాదు. కానీ తిప్పిన బండికి సున్నా ఎలా వచ్చింది?"

జల్లు పెద్దదై రేకుల మీద మోగుతోంది. అతను టార్చి ఆర్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పోయిన నెల పంపేముందు, నేను అటు తిప్పానండి, పావు చుట్టు."