పడవ పాతది

“పడవ పాతది సార్. అందుకే మునిగింది. ఆ మాట కాయితం మీద రాసియ్యాలె.”

రాయచూరు కచేరీకి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇంజనీరు జయతీర్థ తలెత్తి చూశాడు. ఎదురుగా యాభై అయిదేళ్ళ మనిషి. పేరు అలివేలమ్మ. కృష్ణ రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట, నడుమ మిగిలిన గడ్డ మీద ఆమె ఊరు.

“అయిదేళ్ళ కిందటి ప్రమాదమా? అందులో మీవాళ్ళు...”

“నా కొడుకు సార్. నాగేష్. ఆ పడవలనే ఉండె.”

జయతీర్థ ఇంకేమీ అడగలేదు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

ఆమె వెళ్ళాక ఫైలు తెప్పించి చూశాడు. నిండా ఆమె అర్జీలే. బడికైనా, ఆసుపత్రికైనా, సంతకైనా ఆ ఊరికి పడవ ఒక్కటే దారి. ఎప్పుడో ముప్పై ఏళ్ళ కింద సర్కారు ఇచ్చిన ఇనప పడవలు మూడు. ఒకటి మునిగి ఏడుగురు పిల్లలు పోయారు. పరీక్ష రాయడానికి బయలుదేరినవాళ్ళు. మిగిలిన రెండు పడవలూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని తీసేసి మోటారు పడవ ఇవ్వమని ప్రతి అర్జీ చివరా ఉంది. మొదటి వాక్యం మాత్రం ఎప్పుడూ ఒకటే. పడవ పాతది, అందుకే మునిగింది.

ఆ వారమే జయతీర్థ రేవుకు వెళ్ళి పడవ ఎక్కాడు. అలివేలమ్మ ఎక్కగానే పడవలో మాటలు ఆగిపోయాయి. ఆడవాళ్ళు అటూ ఇటూ జరిగారు. ఎవరూ ఆమెను పలకరించలేదు. అంత దుఃఖాన్ని ఏమని పలకరిస్తారులే అనుకున్నాడు.

మునిగిన పడవను ఒడ్డుకు లాగి, సర్కారు తుమ్మల కింద బోర్లించి పెట్టారు. జయతీర్థ దాని చుట్టూ తిరిగాడు. అడుగున స్క్రూడ్రైవరు ఆనించి నొక్కాడు. తడిసిన అట్టలోకి దిగినట్టు దిగింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా అంతే. తుప్పు మీద తారు పూసి, తారు మీద రంగు వేసి ఉంచారు.

“ఇది అసలు నీళ్ళలోకి దిగాల్సిందే కాదమ్మా.”

“నిజమా సార్? ఇంగొకపారి చూడు. మంచిగ చూడు.”

“చూశాను. ఆ రోజు మునగకపోతే మర్నాడు మునిగేది.”

అలివేలమ్మ ఇసుకలో కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఏటి దగ్గరకు వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

తిరిగి రేవుకు నడుస్తూ చనిపోయిన పిల్లల గురించి చెప్పింది. ఎవరు ఏం చదివేవారో, ఎవరికి ఏ కూర ఇష్టమో అన్నీ ఆమెకు తెలుసు. భీమవ్వ ఒక్కగానొక్క కూతురు స్ఫూర్తికి నీళ్ళంటే భయమట. పడవ ఒడ్డు చేరేదాకా కళ్ళు మూసుకునే కూర్చునేదట.

“మరి మీ అబ్బాయి?” అన్నాడు జయతీర్థ.

ఆమె ఆగి, చెప్పుల్లోని ఇసుక దులుపుకుంది.

“వానికి ఈత బాగ వచ్చు సార్. నేనే నేర్పించిన.”

ఆ తర్వాత జయతీర్థ వారానికొకసారి బెంగళూరుకు ఉత్తరం రాశాడు. ఫోన్లు చేశాడు. రెండుసార్లు స్వయంగా వెళ్ళి వచ్చాడు. ఏడాది తిరిగేసరికి కొత్త పడవ వచ్చింది. ఫైబరుది. ముప్పై సీట్లు, ప్రతి సీటు మీదా నారింజ రంగు లైఫ్ జాకెట్.

ప్రారంభం రోజు రేవులో షామియానా వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. జయతీర్థ మాట్లాడటానికి లేస్తుంటే అలివేలమ్మ వేదిక పక్కకు వచ్చింది.

“సార్, ఆ మాట మైకుల చెప్పు. అందరు ఇనాలె.”

అతను తటపటాయించాడు. వెనక పై అధికారులు కూర్చుని ఉన్నారు. ఆ మాట చెబితే తప్పు శాఖ నెత్తి మీదకే వస్తుంది. కానీ ఆమె చేతులు జోడించి ఉంది.

“ఆరేళ్ళ కింద మునిగిన పడవను నేను పరీక్షించాను,” అన్నాడు మైకులో. “దాని అడుగు పూర్తిగా పోయింది. ఎప్పుడో మార్చాల్సింది. మార్చకపోవడం మా తప్పు. పడవ పాతది. అందుకే మునిగింది.”

షామియానా కింద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో భీమవ్వ తల వంచుకుంది.

మొదటి ట్రిప్పుకు జనం ఎక్కారు. అలివేలమ్మ ఎప్పటిలాగే అందరూ కూర్చునేదాకా ఆగింది. చివరికి ఎక్కి, ఎక్కడ నిలబడాలా అని చూసింది.

భీమవ్వ పక్క సీటులో ఉన్న తన సంచిని తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఈడ కూసో అక్కా.”

ఆరేళ్ళలో భీమవ్వ ఆమెతో అన్న మొదటి మాట అదే. అలివేలమ్మ అంచున సర్దుకుని కూర్చుంది. మోటారు అందుకుంది. నడి ఏటికి వచ్చేదాకా ఇద్దరూ నీళ్ళనే చూస్తూ ఉండిపోయారు. అప్పుడు భీమవ్వ మెల్లగా ఆమె చెయ్యి పట్టుకుంది.

“నాగేష్ యాడున్నా ఇంటికి రమ్మను అక్కా, ఆ పొద్దు పడవ నడిపింది వాడే, మా పిల్లల్ని ఏట్ల ఇడిసి ఒక్కడే ఈదుకుంట ఒడ్డుకొచ్చింది వాడే, అయినా ముంచింది వాడు కాదంట గద.”