ఓడిన ఇల్లు

“ఈ పొద్దు గూడా అంతేనా అక్కా?” వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు పెంచల్.

“అంతే. ఆమ్లెట్టు ముట్టలే. కాఫీ మాత్రం తాగినాడు, అదీ సల్లారినాక.” సిద్ధమ్మ ప్లేటును సింకులో ధడాలున పడేసింది. “వాళ్ళ దేశంలో ఓట్లు జరిగితే ఈడ నా వంట ఏం పాపం జేసిందప్పా?”

ఫహాహీల్‌లో గల్ఫు సముద్రం కనిపించే ఆ ఫ్లాటులో సిద్ధమ్మ వంటమనిషి, పెంచల్ డ్రైవరు. ఇద్దరిదీ కడప వైపే. యజమాని డగ్లస్ అమెరికావాడు, చమురు కంపెనీలో ఇంజనీరు. ఆయన భార్య కూతురి కాన్పు కోసం అమెరికా వెళ్ళింది; ఇక్కడి పనివాళ్ళ అలవాటు ప్రకారం ఆ యజమానురాలిని వీళ్ళు ‘మామా’ అంటారు. ఎన్నికలు అయిపోగానే తిరిగి రావాలి. ఆమె రాగానే సిద్ధమ్మ సెలవు మీద ఊరికి వెళ్ళాలి. పెద్దక్క కూతురి పెళ్ళి ముహూర్తం దగ్గరకొచ్చేసింది. చిన్నప్పుడు ఆ పిల్లను ఎత్తుకుని తిరిగింది సిద్ధమ్మే.

ఫలితాలు తేలిన రోజు ఆమె బజారు నుంచి వచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది. డగ్లస్ ఫోను చేత్తో పట్టుకుని బాల్కనీలో నిలబడి ఉన్నాడు. ఎవరు గెలిచారని అడగబోయి, ఆ ముఖం చూసి నోరు మూసుకుంది. ఆనాటి నుంచీ ఇదే వరస. టీవీ పెట్టడు. తినడు. పలకరిస్తే ఊఁ అంటాడు.

“ఓడిపోయినాడు గదక్కా, మనసు కష్టమై ఉంటాది,” అన్నాడు పెంచల్. “సర్పంచి ఎలక్షన్లో మా మామ ఓడిపోయి శానా దినాలు గడప దాటలే.”

“మీ మామ పోటీ చేసినాడు. ఈయన ఒట్టి ఓటేసిన మనిషే గదరా!”

వారాంతంలో పై అంతస్తులో ఉండే అమెరికా ఆమె కేకు పట్టుకొచ్చింది. డగ్లస్‌ను చూడగానే నవ్వుతూ రెండు చేతులూ చాచింది. ఆయన “ఇప్పుడు కాదు, ప్లీజ్” అని తలుపు మూసేశాడు. కేకు సిద్ధమ్మ చేతిలో మిగిలింది.

“ఆమె గెలిచిన పార్టీ అయ్యుంటాది,” కేకు ముక్క నములుతూ తేల్చేశాడు పెంచల్. “ఎగతాళికి గాకపోతే ఓడినోళ్ళ ఇంటికి ఎవరైనా కేకు తెస్తారా?”

ఫలితాలు రాకముందు, సాయంత్రం కాగానే డగ్లస్ ఫోనును పండ్ల బుట్టకు ఆనించి కూతురితో మాట్లాడేవాడు. కొత్తగా పుట్టిన మనవరాలు ఆవలించినా సిద్ధమ్మను కేకేసి చూపించేవాడు. ఇప్పుడు ఆ ఫోను బల్ల మీద బోర్లా పడి ఉంటోంది.

ఆ తర్వాత పెంచల్ ఇంకో కబురు మోసుకొచ్చాడు.

“ఎయిర్‌పోర్టుకు పోయే పని ఖలాస్ అక్కా. మామా రాదంట. ఎప్పుడొస్తాదో ఆయనకే తెల్దంట.”

“మరి నా సెలవు?”

“ఇప్పుడడగొద్దు. ఓడిన మంట మీదుండాడు.”

సిద్ధమ్మ ఓపిక పట్టింది. అవతల పెద్దక్క ఓపిక అయిపోయింది. “వస్తాండావా లేదా? నువ్వు రాకుంటే పెండ్లే వద్దంటాంది ఈ పిల్ల,” అని ఫోనులో గట్టిగా అరిచింది.

ఆ మధ్యాహ్నం సిద్ధమ్మ కోడి సూపు చేసింది. డగ్లస్‌కు ప్రాణం అది. ఒక చెంచా తీసుకుని గిన్నె పక్కకు జరిపాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వచ్చిన ఇంగ్లీషులో, అది చాలనిచోట అరబ్బీలో, మొదలుపెట్టింది.

“సార్, ఒక మాట. మా ఊర్లో గూడా ఓట్లుంటాయి. మేమూ ఓడిపోతాం. మర్నాడు పొద్దున్నే లేసి పనికి పోతాం. అన్నం తింటాం.”

“నువ్వు చెప్పేది నిజమే.”

“నిజమైతే తినండి! మామా ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఈ ముఖం చూడలేకనే. పాపతో గూడా మాటలు మానేస్తిరి. ఆ పసిబిడ్డేం చేసింది సార్? బిడ్డకు ఓటుందా?”

డగ్లస్ తలెత్తాడు. “మానేసింది నేను కాదు. రోజూ ఫోన్ చేస్తున్నాను. నా కూతురు ఎత్తడం లేదు. ఆమె తల్లి కూడా.”

సిద్ధమ్మ కోపం అక్కడే ఆగిపోయింది. కుర్చీ వెనక అంచు పట్టుకుని నిలబడింది.

“వాళ్ళది వేరే పార్టీనా?”

ఆయన తలూపాడు.

“అయితే గెలిచినోళ్ళకు కోపమెందుకు సార్? ఇంటి మనిషి బాధలో ఉంటే ఓదార్చాల్సింది పోయి!”

ఆయన బోర్లా ఉన్న ఫోనును ఇంకాస్త దూరం జరిపాడు. “నీ సెలవు నాకు గుర్తుంది,” అన్నాడు. “టికెట్ రేపే తీయిస్తాను. పెళ్ళికి వెళ్ళు. రమ్మని పిలిచే ఇల్లు ఉన్నప్పుడు వెళ్ళాలి.”

ఇన్నాళ్ళూ ఎలా అడగాలా అని కుమిలిన మాటకు అడగకుండానే జవాబు దొరికింది. సిద్ధమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతసేపూ కసురుకున్నందుకు సిగ్గేసింది. సూపు గిన్నె తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చి, మళ్ళీ ఆయన ముందు పెట్టింది.

“బాధపడొద్దు సార్. నాలుగేండ్లు ఇట్టే గడిచిపోతాయి. మళ్ళీసారి మీరు గెలుస్తారు. అప్పుడు అందరూ వాళ్ళంతట వాళ్ళే వస్తారు, చూడండి.”

డగ్లస్ చెంచాతో సూపు కలిపాడు.

“ఈసారి గెలిచింది నేను ఓటేసిన పార్టీయే, సిద్ధమ్మా.”