సామి పేరు

"పేషెంటు పేరు చెప్పమ్మా."

భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పట్నం ఆసుపత్రిలో కాగితాలిచ్చే గుమాస్తా ఆ మాట అడగడం ఇది మూడోసారి. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు.

"మా ఇంటాయన" అంది.

"మీ ఇంటాయనకు పేరు పెట్టలేదా వాళ్ల నాయన? చీటీ యాడ?"

"మా తమ్ముని అంగీ జేబులో ఉండె. ఉతుకులో నానిపోయింది సామీ."

మొదటిసారి తమ్ముడు ముత్యాలప్పే వెంట వచ్చి అన్నీ రాయించాడు. ఇప్పుడు పెళ్లి చీరె మగ్గం మీద ఉంది, కదలలేకపోయాడు. ఇంటాయనేమో మంచం మీద ఉన్నాడు. మగ్గం ముందు కూర్చున్నన్నాళ్లూ పొగాకు నొక్కుకున్న బుగ్గ. ఆ బుగ్గలో ఆరు నెలలుగా మానని పుండు. డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపాడు.

"మీరు రాచపుండంటారే, ఆ క్యాన్సరయితే వెంటనే బెంగుళూరు తీసుకుపోండి. ఇప్పుడు చిన్నగా ఉంది, అక్కడ మిషను కింద కరెంటు పెడితే మానుతుంది. ఆలస్యం చేస్తే ఎవరి చేతుల్లోనూ ఉండదు" అన్నాడు.

ఆ పరీక్ష కాగితం కోసమే భద్రమ్మ ఎండిన వేరుశనగ చేల మధ్య నుంచి పొద్దున్నే బస్సులో వచ్చింది.

"మొగుని పేరు పలికితే ఆయుస్సు తగ్గుతాదంట సామీ. నలభై ఏండ్లాయె, ఒక్కతూరి గూడా పలకలే."

"నువ్వు పలక్కుంటే నా ఆయుస్సు తగ్గేట్టుండాది!"

వరుసంతా నవ్వింది. వెనకున్న ముసలామె భుజం తట్టింది. "గుర్తు చెప్పక్కా. ఓట్లు రాసేటోళ్లకు మేం అట్లే చెప్తాం."

భద్రమ్మ తల వంచుకుని చెప్పింది. "నెత్తిన గంగమ్మను పెట్టుకున్న సామి."

"ఈశ్వరప్పా?"

"ఆఁ, ఆ సామే!" ఆమె ముఖం విప్పారింది.

"ధర్మవరమా? మగ్గం పనా?"

"అవును సామీ."

గుమాస్తా కట్ట విప్పాడు. "మీ ఊరి మగ్గాలోళ్లవే ఈ నెల ఐదు కాగితాలు. అందరూ అరవై దాటినోళ్లే. ముందర గత్తరకో కరువుకో పోతాండ్రి. ఇప్పుడు సూదిమందులతో బతికి, దీనికి చిక్కుతాండారు."

ఈశ్వరప్ప పేరున్న కాగితం లాగి చేతికిచ్చి, ఆమెను డాక్టరు గదిలోకి పంపాడు.

డాక్టరు చదివి నవ్వాడు. "రాచపుండు కాదమ్మా, వట్టి పుండే. పొగాకు మానిపించు, చాలు."

భద్రమ్మ బస్సు దిగి నేరుగా శివాలయానికి పోయి టెంకాయ కొట్టింది. బెంగుళూరు మాట ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.

రెండు నెలలకు పుండు దవడకు పాకింది.

"ఇంకోతూరి చూపిద్దామక్కా" అన్నాడు ముత్యాలప్ప.

"చదువుకున్న డాక్టరు కాగితం చూసి చెప్పినాడు. ఆయప్ప కంటే నీకెక్కువ తెల్సునా?"

పసుపు పెట్టింది. నెయ్యి పూసింది. సోమవారాలు ఒక్కపొద్దులుంది. కార్తీకం వచ్చేసరికి ఆయన గొంతులోకి గంజి కూడా దిగలేదు.

"సామీ, కాదని కాగితంలోనే రాసిరి గదా. మరి ఇదేంది?" అని పటం ముందు నిలబడి అడిగింది. కోపంతో కాదు, తెలుసుకుందామని.

ఆ వారమే ఆయన పోయాడు.

నెలమాసికం అయ్యాక చావు రాయించడానికి అక్కాతమ్ముళ్లు మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లారు.

"పోయినాయన పేరు?" అన్నాడు అక్కడి గుమాస్తా.

ముత్యాలప్ప నోరు తెరవబోయాడు. భద్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

ఇక తగ్గడానికి ఆయుస్సే లేదు గనక, నలభై ఏళ్లలో మొదటిసారి ఆమె మొగుడి పేరు నోరారా పలికింది: "గంగాధరప్ప."